పెనుకొండ మలుపులో అరవై గుడ్డుచెక్కలు

మా ఆడబిడ్డ సుజాత ధర్మవరంలో ఏ పెళ్లికి వెళ్లినా, ఏ సీమంతానికి వెళ్లినా, భోజనాల వరుసలో కూర్చోగానే ఒక కథ మొదలుపెడుతుంది. "మా హిందూపురం వదిన ఉండాదే, నా కొడుకు మొదటి పుట్టినరోజున నడిదావలో దిష్టిగుడ్లు పెట్టింది" అని. తొమ్మిదేళ్లుగా చెబుతోంది. ఏడాదికో కొత్త ముక్క తగిలిస్తోంది. మొన్నటి కథలో నా చంకలో నల్లకోడి కూడా ఉందట! కోడి లేదు, మంత్రం లేదు, దిష్టి అసలే లేదు. జరిగింది మాత్రం సర్వనాశనమే, ఒప్పుకుంటాను. కానీ నా సర్వనాశనాన్ని నేనే చెప్పుకుంటాను. ఇంకొకరు మసాలా దట్టించి పంచిపెట్టడానికి వీల్లేదు.

అప్పట్లో నాకు ఒక బీకాం డిగ్రీ, ఒక కొత్త ఫోను, పన్నెండేళ్లు అన్నమూ పప్పూ వండి విసిగిపోయిన రెండు చేతులు ఉండేవి. ఇంట్లో చిరుతిళ్లు చేసి ఫంక్షన్లకు ఇవ్వాలని, బోర్డు మీద నా పేరు ఉండాలని పెద్ద కోరిక. సరిగ్గా అప్పుడే సుజాత కొడుకు పుట్టినరోజు వచ్చింది. హిందూపురానికీ ధర్మవరానికీ మధ్యన ఉంటుందని పెనుకొండలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. ఆ హాలు చూసుకునే రంగప్ప నాకు ఫోన్‌లో మాటిచ్చాడు. "అక్కా, నువ్వొగ కొత్త ఐటం చేసుకోని రా. తిని చూస్తా. నచ్చిందంటే మా హాల్లో జరిగే పుట్టినరోజులన్నింటికీ నీకే చెప్తా."

కొత్త ఐటం! ఆ మాట విన్నాక నేనూరుకుంటానా? ఫోన్‌లో వెతికి, వెతికి, ఒకావిడ వీడియోలో మెక్సికో రుచుల డెవిల్డ్ ఎగ్స్ పట్టుకున్నాను. ముప్పై గుడ్లు ఉడకబెట్టి, నిలువునా రెండుగా కోసి, పచ్చసొనలు తీసి, బటర్‌ఫ్రూట్, అదే అవకాడో గుజ్జు, నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి, కొత్తిమీర, పచ్చిమిర్చి వేసి మెత్తగా మెదిపి, మళ్లీ ఆ గుంటల్లోనే నింపాలి. పక్కన నిల్చున్న మా ఆయన ఊరుకోడు కదా.

"ఇదేందే? గుడ్డును కోసి, లోపలిది బయటికి తీసి, మళ్లా లోపలే పెడ్తాండావు. ముందే అట్లుండె గదా?"

"దీన్ని స్టఫింగ్ అంటారు."

"కాదు. పనిలేనితనం అంటారు."

పట్టించుకోలేదు. పైన చల్లడానికి ఆ వీడియో ఆవిడ వాడిన ఎర్రపొడి మనకు దొరకదు కాబట్టి, కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే బ్యాడిగి మిరపకాయలు దంచాను. ఎరుపంటే అదీ ఎరుపు! మెక్సికోలో నిమ్మచెక్కలకు కూడా కారం అద్దుతారని ఆవిడ చెప్పింది. అద్దాను. స్టీలు పళ్లెం నాటుగా ఉంటుందని నాలుగు ఇస్తరాకుల్లో పేర్చాను. అందానికి నాలుగు మూలలా నాలుగు ఎండుమిరపకాయలు పెట్టాను.

చదువుతున్న మీకు ఈపాటికి గుండె దడ మొదలై ఉంటుంది. గుడ్డు, ఎర్రటి నిమ్మచెక్క, ఎండుమిరప, ఇస్తరాకు. మా వీధి చివర ప్రతి అమావాస్య మర్నాడూ ఇవే చూసి, చీర కుచ్చిళ్లు ఎత్తుకుని పక్కకు తప్పుకునేదాన్ని నేనే. దిష్టి తీసి పారేసినవి దాటితే ఆ పీడ దాటినవాళ్లకు చుట్టుకుంటుందని మా పిల్లలను చెయ్యిపట్టి లాగిందాన్నీ నేనే. మరి నా చేత్తో నేనే పేర్చినప్పుడు నా బుద్ధి ఏ మెక్సికోలో తిరుగుతోందో!

మా ఆయన పొద్దున్నే బండి మీద హాలుకు వెళ్లిపోయాడు. నేను ఆ ఆకులను రెండు అట్టపెట్టెల్లో సర్ది, ఒళ్లో పెట్టుకుని బస్సులో పెనుకొండ చేరాను. హాలు ముందు మూడు దారులు కలిసే చోట ఆటో దించేసింది. మూత తీసి చూస్తే, కుదుపులకు ఎర్రపొడంతా ఒక మూలకు చేరింది. ఈ మొహంతో రంగప్ప ముందుకు వెళ్లేదెట్లా? అక్కడే గొంతుక్కూర్చున్నాను. ఆకులు నేల మీద పరిచి, గుడ్డు గుడ్డుకూ పొడి చల్లుతూ, "పదకొండు, పన్నెండు" అని గొణుక్కుంటున్నాను. మిట్టమధ్యాహ్నం. పొద్దున తలస్నానం చేశాను కదా, జుట్టు విరబోసుకునే ఉన్నాను.

ధర్మవరం వ్యాను సరిగ్గా నా ముందు కీచుమని ఆగింది.

"అమ్మా, నేను బండి దాటియ్యను. ఇంట్లో పిల్లలుండారు" అన్నాడు డ్రైవరు.

సుజాత అత్త నాగమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఎవురే నువ్వు? పట్టపగలు జుట్టిరబోసుకోని బిడ్డ వచ్చే దావలో ఏం పెడ్తాండావు?"

నేను తలెత్తి, ఎర్రటి చేతులూపుతూ, నవ్వాను. "నేనే పెద్దమ్మా!"

"అయ్యో దేవుడా, మన సుజాత వదినే!"

సుజాత బిడ్డను కొంగులో దాచుకుంది. "వదినా, నా బిడ్డ మింద నీకేం పగ?"

"పగేందే? ఇది తినేది!"

"గుడ్డు, నిమ్మకాయి, ఎండుమిరపకాయి, కుంకం. ఇంగేం తక్కువ చేసినావు?"

"కుంకం కాదు, బ్యాడిగి కారం!"

"కారమైతే నువ్వు తిని చూపీ" అంది నాగమ్మ.

తిన్నాను. మామూలుగా తిన్నా బాగుండేది. కోపంలో మొత్తం చెక్క ఒక్కసారే నోట్లో కుక్కుకున్నాను. పొడికి పొలమారింది. కళ్లు ఎర్రబడ్డాయి, మాట రాలేదు, దగ్గీ దగ్గీ రోడ్డు మీద అటూ ఇటూ ఊగిపోయాను.

"పట్టుకునింది! దాన్నే పట్టుకునింది!" అని నాగమ్మ కేకలు.

ఆ కేకలకు మా ఆయన హాల్లోంచి పరుగున వచ్చాడు. ఎవరో ఆయన్ని అడిగారు, "ఏమప్పా, ఈటి పేరేంది?" అని.

"డెవిల్డ్ ఎగ్స్. డెవిల్ అంటే దయ్యం" అన్నాడు.

పన్నెండేళ్ల కాపురంలో నేనడిగిన దేనికీ సూటిగా బదులివ్వని మనిషి, ఆ రోజు ఊరందరి ముందు నిఘంటువై నిలబడ్డాడు!

వ్యాను వెనక్కి తిరిగి ఊరు చుట్టి వెనక గేటు గుండా వచ్చింది. నా ఆకులు మాత్రం ఆ మలుపులోనే ఉండిపోయాయి. బిడ్డకు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు, అదీ నా వల్ల. రంగప్పను బతిమాలాను. "ఒక్కటంటే ఒక్కటి తిని చూడప్పా!"

"వద్దక్కా. మొన్ననే కొత్త బండి తెచ్చుకున్న్యా. నీకు ఫోన్ చేస్తాలే."

తొమ్మిదేళ్లయింది. ఆ ఫోన్ ఇంకా రాలేదు. బోర్డూ లేదు, పేరూ లేదు.

భోజనాలయ్యాక నాగమ్మ హుకుం జారీ చేసింది. "పెట్టినదానివి నువ్వే తియ్యల్ల." చీపురు పట్టుకుని మలుపు దగ్గరకు వెళ్లాను. ఆకుల్లో ఒక్క చెక్క మిగిలుంటే ఒట్టు! నేను తిన్నదొకటి పోగా యాభై తొమ్మిది మాయం. "కుక్కలు తినుంటాయిలే వదినా" అంది సుజాత, నా మొహం చూడకుండా.

అందుకని పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక గుడ్డును రెండుగా కోయను. తలంటుకున్న రోజు పెనుకొండలో బస్సు దిగను. మూడు దారులు కలిసేచోట చెప్పు తెగినా వంగను, చెప్పునే వదిలేస్తాను.

కానీ ఆ ఆకుల పక్కన హాలువాళ్ల టిష్యూ కాగితాలు పదో పన్నెండో ఉండలు చుట్టి పడి ఉన్నాయి, ఎర్రటి మూతి గుర్తులతో సహా. పెనుకొండ కుక్కలు అంత మర్యాదగా మూతి తుడుచుకుంటాయని నేను నమ్మను. ఎవరు తిన్నారో నాకు అక్కర్లేదు, పేరు బయటపెట్టను, పోట్లాడను. తొమ్మిదేళ్లుగా ఒక్కటే అడుగుతున్నాను, దొంగముఖాల్లారా, ఉప్పు సరిపోయిందా లేదా?