మొండిపిల్లకు రాగిజావ

మదనపల్లెలో ఒక జూనియర్ కాలేజీలో నేను కెమిస్ట్రీ చెబుతాను. ఏటా చక్కెరల గురించి ఒక పాఠం వస్తుంది. చక్కెరను విడగొడితే గ్లూకోజు, ఫ్రక్టోజు వస్తాయని బోర్డు మీద రాసి, తేనె, బెల్లం, అరటిపండు, చివరికి మన టమాటా దాకా ఫ్రక్టోజు ఎక్కడెక్కడ ఉంటుందో పిల్లలచేత అప్పజెప్పించుకుంటాను. ఈ పాఠం నాకంటే బాగా చెప్పేవాడు జిల్లాలో లేడని నాకొక నమ్మకం ఉండేది. దానికి ఏ గతి పట్టిందో చెబుతాను.

నాకు సొంత అక్క కూతురినే ఇచ్చి పెళ్లి చేశారు. మా వైపు ఇది వింతేమీ కాదు. ఆడపిల్ల పుట్టగానే మేనమామ వైపు చూసి నవ్వుకుంటారు, అక్కడితో సంబంధం కుదిరిపోతుంది. దీనివల్ల నాకు ఒరిగిందేమిటంటే, అక్కా, అత్తా ఒకే మనిషి కావడం. తిట్లు మాత్రం రెండు హోదాల్లోనూ విడివిడిగా పడతాయి. నా భార్య చిన్నప్పుడు నన్ను మామా అని పిలిచేది, ఇప్పుడూ అలాగే పిలుస్తుంది.

మాకు కూతురు పుట్టింది. తల్లిపాలు తాగినన్నాళ్లు బూరెల్లాంటి బుగ్గలతో ఉండేది. ఆరో నెల నిండగానే అక్క పుంగనూరు నుంచి దిగింది. మొలకలొచ్చిన రాగుల్ని ఎండబెట్టి ఆడించిన పిండి ఒక సంచిలో, బెల్లం దిమ్మ ఇంకో సంచిలో. మా ఇంట్లో పిల్లలందరూ బెల్లం వేసిన ఆ జావతోనే పెరిగారు. నా పొట్టను చూస్తే ఎవరైనా ఆ మాట నమ్ముతారు.

పిల్ల మొదటి చెంచాకే మొహం చిట్లించింది. రెండో చెంచాకు మూతి బిగించి తల పక్కకు తిప్పుకుంది.

"వాళ్ల నాయన మాదిరే మొండిది," అంది అక్క.

నిజం చెప్పాలంటే నాకు కాస్త గర్వంగానే అనిపించింది. నేను తల కదలకుండా పట్టుకున్నాను, అక్క చెంచా దూర్చింది. కాసేపటికి తాగిందంతా కక్కేసింది. పిల్లలన్నాక కక్కరా అనుకుని మళ్లీ పట్టించాం.

కొన్ని వారాల్లో బిడ్డ చిక్కి సగమైంది. కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, ఒళ్లంతా చల్లటి చెమటలు. ఊళ్లో ఆసుపత్రిలో చేర్చి గ్లూకోజు ఎక్కించారు. లేచి ఆడుకుంది. ఇంటికి తెచ్చాక, నీరసంగా ఉంది పాపం అని అక్క జావలో బెల్లం పెంచింది. మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ చేర్చాం, మళ్లీ బాగైంది, మళ్లీ ఇంటికి తెచ్చాం.

అప్పుడు నాలోని శాస్త్రవేత్త నిద్ర లేచాడు. ఆసుపత్రిలో బాగుండే బిడ్డ ఇంట్లో జబ్బు పడుతోందంటే లోపం ఇంట్లోనే ఉంది. ఇంతవరకూ నా ఆలోచనకు ఎవరూ వంక పెట్టలేరు. ఆ తర్వాతే అది అడ్డదారి తొక్కింది. బోరు నీళ్లని అనుమానించి క్యాను నీళ్లు తెప్పించాను. గోడల రంగును అనుమానించాను. మార్కెట్ యార్డులో కుళ్లిన టమాటాల మీదుగా వచ్చే గాలిని కూడా అనుమానించి ఆ వైపు కిటికీలు మూయించాను. అక్కకు ఇదంతా పిల్లకాయల ఆటలా కనిపించింది.

"రేయ్, గాలీ కాదు నీళ్లూ కాదు. ఈ ఇంటి వాకిలి బాగలేదు. బిడ్డను పుంగనూరికి తీసకపోతాండాను," అంది.

నేను వాస్తు నమ్మను. అయితే మా వాకిలి దక్షిణానికి ఉందన్న సంగతి ఆ రోజే మొదటిసారి గమనించి, ఎందుకైనా మంచిదని నేనే బట్టలు సర్దాను. పుంగనూరులో వాకిలి తూర్పుకే ఉంది. జావగిన్నె మాత్రం మాతోపాటే వచ్చింది.

అక్కడికి వెళ్లిన కొన్నాళ్లకే ఒక పొద్దున జావ తాగిన కాసేపటికి పిల్ల కళ్లు తేలేసింది. చేతులూ కాళ్లూ కొట్టుకున్నాయి. కుప్పంలో ఎవరికీ అంతుబట్టని జబ్బులు చూసే పిల్లల డాక్టరమ్మ ఉందని విని కారు మాట్లాడుకుని బయల్దేరాం. బైరెడ్డిపల్లె దాటేదాకా నా భార్య పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంది. బిడ్డ దక్కదనుకున్నాను. అంత భయం నాకు ముందెన్నడూ తెలియదు.

డాక్టరమ్మ ముందు గ్లూకోజు ఎక్కించింది. పిల్ల కళ్లు తెరిచాక మమ్మల్ని కూర్చోబెట్టింది.

"మేనరికమా?"

"సొంత అక్క కూతురండీ."

"ఆ అక్కను నేనే," అంది వెనక నుంచి మా అక్క.

"సరే. బిడ్డ కడుపులోకి ఏమేం పోతాదో చెప్పండి. ఒక చెంచా కూడా వదలొద్దు."

అక్క హుషారుగా మొదలుపెట్టింది. బెల్లం వేసిన రాగిజావ, మెదిపిన అరటిపండు, మాటలు తొందరగా రావాలని నాలిక మీద తేనె. నేనూ తక్కువ తినలేదని, బిడ్డకు పట్టే ప్రతి మందు సిరప్పూ స్వయంగా రుచి చూసి, బాగా తియ్యగా ఉన్నదే కొన్నానని చెప్పుకున్నాను.

"ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఏం పెట్టారు?"

"ఆడేం ఉంటాదమ్మా. తల్లిపాలు, ఆ గ్లూకోజు బాటిలు. బిడ్డ నోరు సప్పబడిపోయుండాది," అంది అక్క.

డాక్టరమ్మ తాను రాసుకున్నదంతా మళ్లీ ఒకసారి చూసుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "తీపంతా ఈ నిమిషంలోనే ఆపేయండి. ఫ్రక్టోజును అరిగించుకునే శక్తి ఈ బిడ్డకు పుట్టుకతోనే లేదని నా అనుమానం. చానా అరుదు. తల్లిలోనూ తండ్రిలోనూ ఒకే లోపం దాగి ఉంటే బిడ్డలో బయటపడే వీలుంటాది. రక్తం పరీక్షకు పంపిస్తాను. ఇంకొన్నాళ్లు ఇట్లే పెట్టుంటే లివరు పూర్తిగా పోయుండేది." తర్వాత నా మొహం చూసి, "ఫ్రక్టోజంటే..." అని వివరించబోయి ఆగింది. "మీరేం చేస్తారు?"

"టీచింగండీ."

"ఏ సబ్జెక్టు?"

నేను గొంతు సవరించుకునేలోపే నా భార్య చెప్పేసింది. "కెమిస్ట్రీ."

డాక్టరమ్మ తల వంచుకుని పరీక్ష చీటీ రాయడం మొదలుపెట్టింది. ఏదో ఒకటి అనుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

తర్వాత వచ్చిన రిపోర్టు ఆమె అనుమానాన్నే ఖాయం చేసింది. దీనికి మందంటూ ఏమీ లేదు, తీపి లేకపోవడమే మందు. ఈలోగా పిల్ల కళ్లలో పచ్చదనం తగ్గింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నా చేత్తో నేనే పోస్తిని గదరా," అంది. దాని తల పట్టుకున్నది నేనే కదా అన్నాను. "అదీ నిజమేలే," అని ఏడుస్తూనే నన్ను తిట్టింది. తర్వాత లేచి వెళ్లి అదే రాగిపిండితో ఉప్పూ మజ్జిగా వేసి జావ కాచింది. పిల్ల గిన్నెను అనుమానంగా చూసి, ఒక చెంచా రుచి చూసి, నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా తెరుస్తూనే ఉంది. నేను వరండాలోకి పోయి ఏడ్చాను.

ఇప్పుడది బడికి పోతోంది. మదనపల్లెలో ఉంటూ టమాటా లేని చారు తాగేది బహుశా మా ఇంట్లోనే. నాకు మైసూర్‌పాకు తినాలనిపిస్తే బస్టాండు దగ్గర నిలబడి తిని, మూతి కడుక్కుని ఇంటికి పోవాలి. అయినా నా కూతురు వాసన పట్టేస్తుంది. చక్కెర పాఠం ఇప్పటికీ చెబుతున్నాను, మునుపటికంటే కాస్త తక్కువ గొంతుతో.

ఈమధ్య పుంగనూరులో చుట్టాల పెళ్లికి పోయాం. పంక్తిలో మా పక్కన కూర్చున్న ఒక ముసలామె ముద్దొచ్చి లడ్డు తుంచి పిల్ల నోటి దగ్గర పెట్టింది. పిల్ల మూతి బిగించి తల పక్కకు తిప్పుకుంది. ఆరో నెలలో తిప్పుకున్నట్టే.

"ఏం మొండిపిల్లమ్మా ఇది," అంటూ ఆమె ఇంకో చెయ్యి గడ్డం కిందికి పోనిచ్చింది. నేను లేచేలోపే అక్క వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇడిసిపెట్టు పెద్దమ్మా. అది వద్దంటే వద్దే. దాని మాట ఇనకనే ఒకసారి సంపుకోబోయినాం."