నాన్నకు వినపడేలా

ఖరగ్‌పూర్‌లో రైల్వే కార్ఖానా బాయిలర్ షాపు పనిలో మా నాన్న చెవులు పోయాయి. పొద్దస్తమానం ఇనుప రేకుల మీద సుత్తి దెబ్బలు వినేవాడికి చెవులేం మిగులుతాయి? ఇంట్లో రేడియో పెడితే దానిమీద అరచెయ్యి ఆన్చి కూర్చునేవాడు. "వార్తలు బాగున్నాయి" అనేవాడు. ఏం విన్నాడో ఆ దేవుడికే తెలియాలి.

ఆయన రిటైరయ్యే ఏడు, సెండాఫ్‌లో ఇంటి తరఫున నన్ను మాట్లాడమన్నారు. నలుగురి ముందు నాకు నోరు పెగలదు. పెగిలినా నాన్నకు వినపడదు. నా బెంగంతా అదే. ఆ ఒక్క రోజైనా ఆయన నా మాట వినాలి.

నిమ్‌పురా రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ టీచరమ్మ ఒకసారి కలకత్తా వెళ్లి రేడియోలో మాట్లాడి వచ్చింది. ఆ గొప్ప ఆవిడ నడకలో కూడా కనిపించేది. అయినా బతిమాలుకుని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఊపిరి తీసుకోవాల్సిన చోటల్లా కాగితం మీద పెన్సిల్ గీత పెట్టించింది. వాక్యం మొదట్లో అరిచి చివర మింగేస్తున్నానని తిట్టింది.

"అసలు సంగతి చివరే కదమ్మా ఉండేది! అదే మింగేస్తే వినేవాళ్లకేటి మిగులుతాది? జనాన్ని చూడకు. ఒక్కరితోనే మాట్లాడతన్నట్టు మాట్లాడు. రేడియోలో అలాగే" అంది.

ఆ ఒక్కరి కోసం నేను వెతుక్కోనక్కర్లేదు.

సెండాఫ్ రోజు నాన్న మెడలో బంతిపూల దండ, పక్కన బెంగాలీ ఫోర్‌మన్. మైకు ముందు నిలబడి నాన్నవైపే చూస్తూ నింపాదిగా చెప్పాను. షాపులో ఈయన చెవులు పోతే, ఇంట్లో ఈయనతో అరిచి అరిచి మా అమ్మ గొంతు పోయిందన్నప్పుడు అందరూ ఘొల్లున నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. వినపడిందని నా సంతోషం పట్టశక్యం కాలేదు.

ఇంటికొచ్చి దండ కుర్చీకి తగిలిస్తూ అడిగాడు. "ఏటి సెప్పినావమ్మా?"

"నవ్వినావు గదా నాన్నా!" అని చెవిలో అరిచాను.

"అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను."

ఏడుపొచ్చింది. ఆయన పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, మొత్తం మళ్లీ చెప్పాను. గీత ఉన్నచోటల్లా ఆగి, చివర మింగకుండా చెప్పాను. అమ్మ గొంతు మాట దగ్గర ఈసారి నిజంగా నవ్వాడు. "ఇంకోపాలి సెప్పమ్మా" అన్నాడు. మర్నాడూ అడిగాడు. అడిగినప్పుడల్లా చెప్పాను.

నాన్న పోయాక చాలా సభల్లో మాట్లాడాను. చప్పట్లు కొడతారు, దండేస్తారు, రిక్షా ఎక్కించి పంపిస్తారు. "ఇంకోపాలి సెప్పమ్మా" అని మాత్రం ఎవరూ అడగరు. ఆ ఒక్క మాట వినాలని ప్రాణం కొట్టుకుంటుంది.