నాలుగో మంచం

మా అక్క హనుమకొండలోని ఒక చిన్న దవాఖానలో నర్సు. నేను ఖిలా వరంగల్‌లో ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తాను. వార్డులోని రోగుల నాడి, ఆక్సిజన్ ఒకే తెర మీద కనిపించేలా అక్క కోసం ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. అందులో మంచానికొక చిన్న భాగం. దాన్ని యాక్టర్ అంటాం. అవన్నీ ఒకే వర్చువల్ మెషీన్ మీద, అంటే వాటిని నడిపించే ఇంకో ప్రోగ్రాం మీద, వంతులవారీగా నడుస్తాయి. వంతు అయ్యాక పక్కకు తప్పుకోవలసింది మాత్రం ఆ యాక్టరే.

ఒక మధ్యాహ్నం నాలుగో మంచం యాక్టర్ ఏదో తప్పుడు అంకె దగ్గర చిక్కుకుని, అదే లెక్క మళ్లీ మళ్లీ చేస్తూ ఉండిపోయింది. మిగతావాటికి వంతే రాలేదు. అంకెలు కదలడం లేదని అక్కే గమనించి, ఒక్కో మంచం దగ్గరికీ వెళ్లి చేత్తో నాడి చూసింది. ఎవరికీ ఏమీ కాలేదు.

అక్క ఫోన్ చేయగానే పరుగున దవాఖానకు వెళ్లాను. అక్క ముఖం చూడలేకపోయాను.

"తిన్నవా?" అంది.

"నాలుగోది పక్కకు జరగలేదక్కా. అదే జరుగుతదనుకున్న."

"అందరు వాళ్లంతల వాళ్లే జరుగుతరా తమ్మీ? నువ్వే జరపాలె. ఫికర్ జెయ్యకు, జర బువ్వ తిను."

ఆ తర్వాత కొన్ని నెలలు వర్చువల్ మెషీన్ లోపలే పనిచేశాను. ప్రతి యాక్టర్‌కూ ఒక్కో వంతులో లెక్కకు ఇన్ని అడుగులేనని హద్దు పెట్టాను. అవి అయిపోగానే మెషీనే దాన్ని ఆపి, ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, తర్వాతి దానికి వంతు ఇస్తుంది. కష్టం అక్కడే మొదలైంది. సగం రాసిన అంకె దగ్గర ఒకటి ఆగితే, ఆ సగాన్నే ఇంకొకటి చదివేది. చివరికి ఏ యాక్టర్ జ్ఞాపకం దానికే ఉంచాను. ఒక యాక్టర్ ఇంకోదానికి సందేశం పంపేశాక, దాన్ని మళ్లీ ముట్టుకునే వీల్లేదు.

అక్క సెలవు రోజున ఇంటికి వచ్చింది. ఆమె చూస్తుండగా, నా కంప్యూటర్‌లో ఉన్న నకలులో నాలుగో యాక్టర్‌కు ఎప్పటికీ ఆగని లెక్క కావాలనే పెట్టాను. మిగతా అంకెలు మారుతూనే ఉన్నాయి. అక్క తెర దగ్గరికి వంగింది.

"నాలుగోది పాపం, గట్లనే తిరుగుతాంది," అంది.

"తిరగనీ అక్కా. దాని వంతు దానికి ఇస్తనే ఉన్న."

నా తల నిమిరింది. ముందురోజు డ్యూటీ అలసట తీరలేదేమో, కుర్చీలోనే కళ్లు మూసుకుంది. నేను కీబోర్డు చప్పుడు కాకుండా లేచి, ఫ్యాను ఆమె వైపు తిప్పాను.