దశరథం మల్ల సిరిసిల్లకు పోయిన ముచ్చట

దశరథానికి మాట రాదని నస్పూర్‌ల అందరికీ ఎరుకే. ఎట్ల ఎరుకంటే, ఆయన అక్క శంకరవ్వ చెప్పింది గనుక. ఆమె నోట్లె నువ్వుగింజ నానదు. పాలపాకిట్‌కు పోయినా, పక్కింట్ల పసుపు అడగవోయినా, "మా తమ్ముడమ్మా, తల పగిలింది, పసిపోరని లెక్కయిండు" అని కండ్లు తుడుసుకునేది. తమ్ముడు పక్కనే నిలబడి ఇనేటోడు. పోయింది మాట గని ఇనికిడి కాదు గద!

దశరథం సిరిసిల్లల సాంచలు నడిపిన మనిషి. మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటరు. పెండ్లాం కాలం చేసినంక ఒక్క అర్ర కిరాయికి తీసుకొని, తన బువ్వ తనే వండుకొని, ఎవలి చెయ్యి కిందికి పోకుండ బతికిండు. ఒకనాడు బండి మీద వస్తుంటే కుక్క అడ్డమొచ్చింది. హెల్మెట్ లేదు. డాక్టర్లు పుర్రె కోసి పానం నిలబెట్టిండ్రు. పానమైతే నిలబడ్డది గని, కుడిచెయ్యి సగం పనికిరాకుంటయింది, మాట ఆగమాగమైంది. నీళ్లు అడుగుదామని నోరు తెరిస్తే "తాళం" అని వచ్చేది. అది తప్పని ఆయనకే తెలిసేది. దిద్దుకోబోతే ఇంకో తప్పొచ్చేది. ఆ సిగ్గుకు నోరు మూసుకునుడే అలవాటు చేసుకున్నడు.

ఇగ శంకరవ్వ చేసిన చాకిరికి వంక పెడితే కండ్లు పోతయ్. దవాఖానల నుంచి సక్కగ తన ఇంటికే తీస్కపోయింది. తానం పోసింది, ముద్దలు కలిపి తినిపిచ్చింది, కొండగట్టు అంజన్నకు మొక్కింది. బావ కైలాసం బొగ్గుబాయిల డ్యూటీ దిగొచ్చి, బామ్మర్ది చెయ్యి పట్టుకొని రోడ్డు పొంటి నడిపిచ్చిండు. అట్ల కాళ్లు కుదురుకున్నయ్. ఎడమచేతితో గుండీలు పెట్టుకునుడు, గడ్డం గీసుకునుడు వచ్చింది. మాట సుత వస్తది, జర సేపు ఆగితే. కని ఆగేదెవలు? ఆయన నోరు తెరిసేలోపట్నే మాట అక్కనే చెప్పేది, అన్నం అక్కనే కలిపేది.

ఒక పొద్దు దశరథం అందరికంటె ముందే లేసి చాయ్ పెట్టబోయిండు. పాలు పొంగినయ్, అంతే. అండ్ల ఏమున్నది, ఎవలింట్ల పొంగయ్? శంకరవ్వ ఉరికొచ్చి, "ఇల్లు తగలవెడ్తవారా!" అని రెక్క పట్టి కూసుండవెట్టి, ఆనాటి సంది వంటింటికి తాళమేసుడు షురూ చేసింది. దశరథం ఏడ్చిండు. అది దుఃఖం కాదు, కోపం. గట్టిగ అరుద్దామంటే అరవ మాటలే లేవు.

తెల్లారి సంచిల రెండు అంగీలు పెట్టుకొని గడప మీద నిలబడ్డడు. "సి... సిరి... సిల్ల" అన్నడు.

"ఆడేమున్నదిరా నీకు?" అన్నది అక్క.

కైలాసం బీడీ ఆర్పి, "పోనియ్యరాదే. కాళ్లు నడిచే మనిషిని ఎన్నొద్దులు కట్టేస్తవ్?" అన్నడు.

శంకరవ్వ జర సోంచాయించింది. "సరే, నేనే తీస్కపోత. సాంచల సేటు పని ఇస్తే ఉండు. ఇయ్యనంటే మాత్రం నోరు మూసుకొని నా ఇంట్ల ఉండాలె, మల్ల సిరిసిల్ల పేరెత్తొద్దు" అన్నది. సేటు ఇయ్యడని ఆమెకు గట్టి నమ్మకం. దశరథం తల ఊపిండు.

షెడ్డుల అడుగు పెట్టంగనే చెవులు గింగురుమన్నయ్. సాంచలు నడుస్తుంటే పక్కోని మాట పక్కోనికి ఇనరాదు. అందుకే అక్కడ పనిచేసేటోళ్లంత చేతులతోనే మాట్లాడుకుంటరు. పోగు తెగితే ఒక సైగ, చాయ్‌కి పోదామంటే ఒకటి, సేటు వస్తుండంటే ఒకటి. బిడ్డ పెండ్లి ముచ్చట్లు సుత చేతుల మీదనే నడుస్తయ్.

పక్క సాంచలు నడిపిన పాత దోస్తు ఓంప్రకాశ్ దూరం నుంచే చూసిండు. మొఖమంత నవ్వయింది. చేతులు తిప్పి అడిగిండు. ఎప్పుడొచ్చినవ్? తిన్నవా? ఉంటవా, పోతవా?

దశరథం ఎడమచెయ్యి లేచింది. మెల్లగ, తడుముకుంట జవాబు చెప్పిండు. కొన్ని సైగలు మరిసిండు, ఒకటి తప్పుగ చేసిండు. ఓంప్రకాశ్ అర్థం కాలేదన్నట్టు తల ఊపి మల్ల అడిగిండు. అంతే, దాన్ని ఎవలూ వింతగ చూడలే. ఆ మోతల అందరూ అట్లనే అడుగుతరు, అట్లనే ఆగుతరు. ఇద్దరు ఏదో పాత ముచ్చటకు పడి పడి నవ్విండ్రు. తల పగిలినంక దశరథం అంత నవ్వుడు అదే మొదలు.

శంకరవ్వకు ఒక్క ముక్క సమజ్ కాలే. "ఏమంటుండ్రు? ఏమంటుండ్రు?" అని అందర్నీ అడిగింది. ఎవలికీ ఇనరాలే. ఓంప్రకాశ్ చెవుల నోరు పెట్టి, ఉన్న బలమంత పెట్టి అరిసింది.

"వీనికేం తెల్వదు! తల పగిలినోడు! ఒక్కడుంటే ఏ మూలకో పడి సస్తడు!"

ఆ అరుపు సగంల కరెంటు పోయింది.

సాంచలన్నీ ఒక్కపారి ఆగినయ్. "పడి సస్తడు" అన్నది షెడ్డంత ఇనబడ్డది. అందరు తిరిగి చూసిండ్రు. శంకరవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. దశరథం తల దించుకున్నడు.

సేటు రాంచందర్ వచ్చిండు, సంగతి తెలుసుకున్నడు. "సాంచ ఇయ్యలేనే దశరథం. కుడిచెయ్యి అట్లుండంగ పోగెట్ల అతుకుతవ్? వేలు పోతది. కండెలు చుట్టే మిషినున్నది, కండెలకు దారమెక్కిచ్చుడు. ఆడోళ్లు చేసే పని, కూలి తక్కువ. చేస్తవా?"

"మా బాపు మగ్గం నేసిన మొగోడు! ఆయన కొడుకు కండెలు..." అని శంకరవ్వ అందుకున్నది.

దశరథం అరచెయ్యి లేపి ఆమె ముంగట పెట్టిండు. సాంచ ఆపు అనే సైగ అది. నేతింటి బిడ్డ, ఆ ఒక్కటీ ఆమెకు తెలిసింది. ఆగింది.

దశరథం సేటు దిక్కు తిరిగిండు. నోరు తెరిసిండు. రాలే. మల్ల తెరిసిండు.

"కండెలు... చుడుత. ఉంట." తర్వాత అక్క దిక్కు తిరిగిండు. "నువ్వు... పో."

అయ్యో! అట్లనా చెప్పేది? కని మంచిగ చెప్పాలంటే శానా మాటలు కావాలె. ఆయన దగ్గర ఉన్నయే రెండు. అక్క మొఖం చూసి పరేషానయిండు, ఇంకేదో అనబోయిండు, "తాళం" అని వచ్చింది. పండ్లు బిగవట్టి చెయ్యితోని గాల్లె ఏదో చెప్పిండు.

శంకరవ్వ ఓంప్రకాశ్‌ను అడిగింది. "ఏమంటుండు?"

"నీ చేతి బువ్వతోనే బతికిన, ఇగ ఒకపారి నా చేతి బువ్వ తిందువు రమ్మంటుండు, అక్కా."

ఆమె అక్కడ్నే గడప మీద కూసుండి బోరున ఏడ్చింది.

తిరిగొచ్చి కూసున్నంత మాత్రాన అన్నీ చక్కబడలే. పాత అర్ర దొరికింది గని మొదటి దినమే అన్నం మాడింది, పప్పుల ఉప్పు రెండుపార్లు పడ్డది. దశరథం అక్క ముంగట కంచం పెట్టిండు. శంకరవ్వ చెయ్యి గంటె మీదికి పోబోయింది. తనే పోనియ్యలే. మాడిందని తిట్టుకుంటనే మల్ల పెట్టించుకొని తిన్నది.

నాలుగొద్దులుండి చూసి, నస్పూర్‌కు బయలెల్లింది. బస్టాండ్ల ఆమె కిటికీ కాడ కూసున్నది, దశరథం కింద నిలబడ్డడు. పక్క సీటామె ఒకటే తీరుగ ఆయన తల మీది కుట్లు చూస్తున్నది. "ఎవలమ్మా? ఏమైంది పాపం?" అని అడిగింది.

ఇగ అక్క మొదలువెడ్తది అనుకున్నడు దశరథం.

"మా తమ్ముడు" అన్నది శంకరవ్వ. "ఈ ఊర్లెనే ఒక్కడుంటడు. కండెలు చుడ్తడు."

ఇంకేం చెప్పలే. తమ్మునికి తొందర తొందర చెయ్యి ఊపి, "ఓరి, షిఫ్టుకు టైమైతుంది, ఇంకేం చూస్తున్నవ్, నడువ్!" అని తిట్టింది. దశరథం బస్సు కదిలేదాక ఆగలే.