పదిసార్లు రాయించిన వాక్యం

డెబ్బైల చివర్లో రోజూ నంద్యాల నుంచి బస్సులో ఆళ్లగడ్డ వెళ్లి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. మునుపు చేసి ఇప్పుడు మానేసిన పనికే ‘యూజ్డ్ టు’ వాడాలని వారం రోజులు గొంతు నొప్పి పుట్టేలా చెప్పాను. అయినా పిల్లలు రోజూ చేసే పనికే దాన్ని తగిలించేవాళ్లు. బస్సులో నోట్సులు దిద్దీ దిద్దీ విసుగెత్తి, ఆ మాట కనిపిస్తే చాలు కొట్టేసేదాన్ని. తప్పు రాసినవాళ్లు ఒప్పు పదిసార్లు రాయాలన్నది నా రూలు.

తొమ్మిదో తరగతి మరియమ్మ, ‘ఐ యూజ్డ్ టు కమ్ టు స్కూల్’ అని రాసింది.

“ఏందే ఇది? నా ఎదురుగానే నిలబడి ఉండావు కదా! ‘ఐ కమ్ టు స్కూల్’ అని రాయి,” అని కసిరాను.

సాయంత్రం బడి వదిలాక కూడా కూర్చుని, గుండ్రటి అక్షరాలతో పదిసార్లూ రాసి తెచ్చింది. నోట్సు తిరిగిస్తే తీసుకోలేదు.

“మీకాడే ఉండనీ టీచర్. రేపట్నుంచి పత్తి ఏరనీకి పోతాండా. నాయన బడి మానిపిచ్చినాడు.”

బస్సు పోతుందన్న తొందరలో సరేనన్నాను. సీట్లో కూలబడ్డాక నోట్సు తెరిచాను. క్లాసు మొత్తం మీద ఆ మాట సరిగ్గా రాసింది ఆ పిల్ల ఒక్కతే. దాని మీదే నా ఎర్ర గీత.