మా బూత్‌లో ఆ ఒక్క ఓటు

మార్కాపురంలో గిద్దలూరు బస్సు ఎక్కి, కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషపడుతున్నాను. నాయన ఫోన్ చేశాడు. "పెద్దనాయన పోయినాడమ్మా. పొద్దున టీ తాగి గ్లాసు కింద పెట్టినాడు. అంతే" అన్నాడు. బస్సు దిగి రాచర్ల ఆటో పట్టుకొని మా పల్లె చేరేసరికి, చర్చిలోంచి తెచ్చిన బెంచీ మీద ఆయన్ని పడుకోబెట్టి ఉన్నారు. కళ్ళద్దాలు తీసి తలగడ పక్కన పెట్టారు. కొత్త అద్దాలు. కంటి ఆపరేషన్ అయ్యాక ఇచ్చినవి. ఆ అద్దాల సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆయన మా నాయనకు అన్న. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసీ కోసీ, ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో ఇంటికొచ్చాడు. నాలుగు మాటలకొకసారి ఆగి గాలి పీల్చుకునేవాడు. అందుకేనేమో వృథా మాట ఆయన నోట వినలేదు. టీ పొడి తక్కువైందని చెప్పడానికి కూడా గ్లాసు కొంచెం వంచి చూపించేవాడంతే.

మా పల్లెలో ఒక పద్ధతి ఉంది. పోలింగ్‌కు ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక, ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకొని వెళ్ళిపోతే పెద్దలు చాప పరుచుకొని కూర్చుంటారు. పల్లె ఓట్లన్నీ ఎవరికి పడాలో అక్కడ తేలుతుంది. దాన్ని కట్టు అంటారు. ఎగతాళి చేయడానికి లేదు. కట్టు వల్లనే మాకు బోరు వచ్చింది, సమాధుల దాకా సిమెంటు రోడ్డు వచ్చింది. విడివిడిగా ఉంటే కూలోళ్ళ ఓటును ఎవరు ఖాతరు చేస్తారు? పెద్దనాయన వెనక కూర్చొని అంతా వినేవాడు. చివర్లో లేచి "నన్నొక్కణ్ణి వదిలేయండయ్యా" అనేవాడు. ఉన్న రెండు పార్టీలనూ వదిలేసి, డిపాజిట్ కూడా దక్కని మూడోవాడికి వేసేవాడు.

లెక్కింపు అయిన మర్నాడు ఏజెంట్లు బూత్‌లవారీ కాగితం పట్టుకొచ్చేవాళ్ళు. మా బూత్‌లో మూడోవాడి ఎదురుగా ఒకటి ఉండేది. అది ఎవరిదో పల్లెకూ తెలుసు, ఊళ్ళో రెడ్లకూ తెలుసు.

"అన్నా, నీవోడు మన బూత్‌లో దుమ్ము లేపినాడంట గదా!" అనేవాడు మా చర్చి సంఘపెద్ద.

"దుమ్ము సంగతి నాకు చెప్తావేందిరా" అని దగ్గుతూ నవ్వేవాడు పెద్దనాయన.

ఆ తర్వాత ఇంటికొచ్చి, గుమ్మం పక్క మేకుకు వేలాడే పలక తీసేవాడు. మూల విరిగిందని ఫ్యాక్టరీలో పక్కన పడేస్తే తెచ్చుకున్న పలక. దాని మీద బలపంతో, అదిమి, '1' వేసేవాడు. మళ్ళీ ఎన్నికల దాకా అది అట్లాగే ఉండేది.

డిగ్రీ అయ్యి ఇంటికొచ్చాక నాకు ఆ పలకను చూస్తే ఒళ్ళు మండేది.

"పెద్దనాయనా, గెలిచేది ఇద్దర్లో ఒకడే గదా. మూడోవాడికేస్తే పారబోసినట్టే. ఇద్దర్లో తక్కువ చెడ్డోణ్ణి గెలిపించుకోవాల."

"తక్కువ చెడ్డోడని ఎట్ల తెలిసిందమ్మా?"

"ఇప్పుడుండేవాణ్ణి చూస్తానే ఉన్నాం గదా."

"వాడికి ముందు ఉండింది ఆ రెండోవాడే గదా. అప్పుడు మీ నాయన కూడా ఇదే మాట అన్నాడు."

"సరే, మరి నీవోడు గెలుస్తాడా?"

"గెలవడు."

"మరి ఎందుకు?"

గాలి పీల్చుకున్నాడు. "ఫ్యాక్టరీలో దుమ్ము లేయకుండా నీళ్ళు కొట్టే మిషను పెట్టమని గేటు కాడ నిలబడి అడిగినోడు అతనొక్కడే. అడిగినోడికి, ఒక్క మనిషన్నా విన్నాడని తెలియాల గదమ్మా."

నా కోపం మాత్రం తగ్గలేదు.

మొన్నటి ఎన్నికల్లో వేసిందే నా మొదటి ఓటు. అప్పటికి ఆయనకు రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి. నేను చేయి పట్టుకొని బడి దాకా నడిపించాను. దారిలో, ఎందుకో ఆయన మీద ప్రేమ పొంగి, "ఈసారి నేను కూడా నీవోడికే" అన్నాను. ఆయన రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. "అయితే పలక మీద రెండు రాస్తా" అన్నాడు. చిన్నపిల్లాడి ముఖం పెట్టుకొని వరుసలో నిలబడ్డాడు.

లోపల అట్ట వెనక నిలబడ్డప్పుడు నాకు ఫోన్లో పొద్దున్నుంచీ చూసినవన్నీ గుర్తొచ్చాయి. గట్టి పోటీ అట, ఒక్క ఓటుతో తారుమారు అట. వేలు మూడో గుర్తు దాకా పోయి వెనక్కొచ్చింది. ఇద్దరిలో ఒకరికి నొక్కాను. గాజు వెనక చీటీ కనపడి కింద పడింది.

బయటికొచ్చాక "వేసినావా పాపా?" అన్నాడు.

"వేసినా."

నేను వేసినవాడు గెలిచాడు. ఒక్క ఓటుతో కాదు. మా పల్లె, పక్క పల్లె మొత్తం ఇంట్లో పడుకున్నా గెలిచేవాడు. కాగితం వచ్చింది. మా బూత్‌లో మూడోవాడికి ఒకటి.

పెద్దనాయన ఆ కాగితాన్ని ముక్కుకు ఆనించుకొని చాలాసేపు చూశాడు. నా వైపు తిరుగుతాడనుకుంటూ చూస్తున్నాను. ఆయన తిరిగాడు.

"నేనే తప్పు నొక్కినట్టున్నా పాపా. గుర్తులన్నీ మసకమసకగా కనపడినాయి. ఆ గాజులో చీటీ కూడా కంటికి ఆనలా. ఆ ఒక్కటి నీదే."

సంఘపెద్ద పడీపడీ నవ్వాడు. "ఇన్నాళ్ళకు కట్టులోకి వచ్చినావా అన్నా! దేవుడే నీ వేలు పట్టుకొని నొక్కించినాడు!"

ఎన్ని ఎగతాళులకూ దించని తల ఆయన ఆ రోజు దించాడు. నేను అక్కడే ఉన్నాను. నాకు నోరుంది, డిగ్రీ ఉంది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆ రేపు రాలేదు. ఆయన పలక మీద '1' వేసి, దాని కింద అదిమి 'పాప' అని రాశాడు. వచ్చినవాళ్ళందరికీ పలక చూపించి "మా పాపది" అని చెప్పుకుంటుంటే, ఆ ముఖం చూసి ఏమని చెప్పను? కానీ ఒక్కడే కూర్చున్నప్పుడు వేరే మాట అనుకునేవాడు. "ఎవడికి పడిందో నా ఓటు." అన్నం ముందు కూర్చొని కూడా ఒకసారి అన్నాడు. అంతకుముందు ఎవరు చెప్పినా వినని మనిషి, మార్కాపురంలో కంటి శిబిరం పెడితే తనంతట తనే పోయి ఆపరేషన్ చేయించుకున్నాడు. "వచ్చేసారికి కనపడాల గదా" అన్నాడు. కొత్త అద్దాలు పెట్టుకొని గోడ మీది క్యాలెండరు దూరం నుంచి చదివి నాకు వినిపించాడు. వచ్చేసారి రాకముందే పోయాడు.

ఆయన పోయిన రోజు రెండు పార్టీలవాళ్ళూ వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు, దండలతో. తర్వాత మూడో మనిషి వచ్చాడు, ఆ గేటు దగ్గర అడిగినాయన. ఆయన మెడలో గెలిచిన పార్టీ కండువా ఉంది.

"పనులు కావాలంటే తప్పలేదమ్మా" అన్నాడు, నేను అడగకుండానే. తర్వాత గొంతు తగ్గించి, "మీ బూత్‌లో మొన్న కూడా నాకొక ఓటు పడింది. అది ఎవరిదో కనుక్కోవాలని చానాసార్లు అనుకున్నా" అన్నాడు.

"ఈయనదే" అన్నాను.

నాయన తలెత్తాడు. "నీదంట గదమ్మా?"

"కాదు నాయనా. నేను వేయలేదు. వేసినానని అబద్ధం చెప్పినా."

సంఘపెద్ద పాటల పుస్తకంలో పేజీ వెతుక్కున్నాడు. వచ్చినాయన కండువా తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. సమాధి దాకా మాతో పాటు ఆ సిమెంటు రోడ్డు మీదే నడిచాడు. వెనక్కొచ్చి కారు ఎక్కేటప్పుడు మళ్ళీ వేసుకోవడం చూశాను. ఆయన్ని అనడానికి నాకు నోరు రాలేదు. నేను ఎవరూ చూడకుండా చేసిన పనిని ఆయన పదిమందిలో చేశాడు, అంతే తేడా.

నా ఓటు గెలిచింది. ఫ్యాక్టరీలో నీళ్ళు కొట్టే మిషను రాలేదు. పెద్దనాయన ఓటు ఓడింది, అది పడినవాడు కూడా నిలబడలేదు. ఇందులో ఏది పారబోసినట్టో మీరే చెప్పండి. మళ్ళీ ఎన్నికలొస్తే మూడో గుర్తు నొక్కుతానా అంటే, నన్ను నేను నమ్మను. బయటికొచ్చాక "వేసినావా పాపా" అని అడిగే మనిషి కూడా లేడు.

అందరూ వెళ్ళాక పలక దించాను. '1', దాని కింద 'పాప'. తడిగుడ్డ తెచ్చి కింది మాటను గట్టిగా తుడిచాను. పలక నల్లగా నిగనిగలాడింది. మళ్ళీ మేకుకు తగిలించి, ఎదురుగా గడప మీద కూర్చున్నాను. తడి ఆరేకొద్దీ, ఆయన అదిమి రాసిన ఆ రెండక్షరాలూ బూడిదరంగులో మెల్లగా మళ్ళీ పైకి తేలాయి.