నేనిచ్చిన వర్ణాల హోంవర్క్

2007. అమెరికాలో, ఫ్రీమాంట్‌లో ఒక మిడిల్ స్కూల్లో ఆరో తరగతికి సోషల్ స్టడీస్ చెబుతున్నాను. అక్కడ ఆరో తరగతంటే ప్రాచీన నాగరికతలు. ఈజిప్టు, గ్రీసు, చైనా, మధ్యలో మన దేశం. క్లాసులో సగం మంది మనవాళ్ల పిల్లలే. వేదకాలం, వర్ణవ్యవస్థ, బుద్ధుడు, ఇవన్నీ పుస్తకం తెరవకుండానే చెప్పేదాన్ని. ఈ పాఠం నాకంటే బాగా ఇంకెవరు చెబుతారులే అన్న పొగరు కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

ఆ పాఠానికి ఏటా ‘ఫ్యామిలీ ఇంటర్వ్యూ’ ఇచ్చేదాన్ని. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి జవాబులు రాసుకురావడమన్నమాట. అమెరికా బళ్లలో ఇది మామూలే. నా ప్రశ్న ఒక్కటే: మీ పూర్వీకులు ఏం పని చేసేవారు, ఈ చార్టులో ఎక్కడ ఉండేవారు? గోడకి పెద్ద పిరమిడ్ చార్టు పెట్టాను. పైన పురోహితులు, తర్వాత రాజులు, వర్తకులు, శ్రామికులు, అన్నిటికన్నా అడుగున ఊరి బయట ఉంచినవాళ్లు. ఎలా చేయాలో పిల్లలకు తెలియాలని మొదటి చీటీ నేనే అంటించాను. మా ఇంటిపేరుతో, పై గడిలో.

సహజ అని ఒక తెలుగమ్మాయి ఉండేది. హోంవర్క్ అందరికన్నా ముందు ఇచ్చే పిల్ల. ఈసారి ఇవ్వలేదు. “ఐ లాస్ట్ ఇట్, మిస్” అంది. ఇంకో కాగితం ఇచ్చాను. మర్నాడూ అదే మాట, తల వంచుకుని. నాకు ఒళ్లు మండింది. జీరో వేసి, ఇంట్లోవాళ్లను రమ్మని ఈమెయిల్ పెట్టాను.

వాళ్ల నాన్న ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు, మెడలో బ్యాడ్జ్ తీయకుండానే. తెలుగువాడు కదా అని, కూర్చోగానే అలవాటుగా అడిగేశాను. “మీదే ఊరండీ? ఇంటిపేరేంటి?”

ఆయన నవ్వాడు. “ఊరు ఒంగోలు పక్కన మేడమ్. ఇంటిపేరు చెప్తే మీకింకేమీ అడగక్కర్లేదు.”

నాకు మొహం చెల్లలేదు. ఆయనే మాట్లాడాడు. “నాకు పదకొండేళ్లప్పుడు మేమెవరమో ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. బళ్లో కుండ ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు, ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగేవాణ్ణి. మా పాపకి ఆ సంగతేదీ తెలీదు. సోమవారం వచ్చి, ‘డాడీ, వాట్ ఆర్ వీ? మిస్ వాళ్లు టాప్‌లో ఉన్నారు’ అంది. రేపు చెప్తానన్నాను. మూడు రోజులైంది.”

“మరి మీరు ఏదో ఒకటి రాసి పంపాల్సింది” అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

“నేనూ అదే అన్నానండి, మర్చంట్స్ అని రాయమ్మా అని. ఈ క్లాసులో మా ఆఫీసువాళ్ల పిల్లలు ముగ్గురున్నారు, ఆదివారాలు ఒకరింట్లో ఒకరం భోంచేస్తాం. నిజం రాస్తే ఆ గోడమీద ఉంటుంది. కానీ పాప ‘ఈజ్ ఇట్ ట్రూ?’ అనడిగింది. కాదంటే రాయనంది. ఆ జీరో ఉంచేయండి మేడమ్. అబద్ధానికి వచ్చే ‘ఎ’ గ్రేడ్ కన్నా అదే నయం. మా సంగతి దానికి ఎప్పుడు చెప్పాలో నన్ను చూసుకోనివ్వండి, చాలు.”

మర్నాడు పిల్లలు రాకముందే చార్టు పీకేశాను. ఆ ప్రశ్న అడగడం నా తప్పని, ఆ హోంవర్క్‌కి ఎవరికీ గ్రేడ్ లేదని క్లాసులో చెప్పాను. సహజ పుస్తకం తీసింది. ఆ తర్వాత వర్ణాల గురించి ఇంకా గట్టిగానే చెప్పాను, కుండ ముట్టుకోనివ్వకపోవడంతో సహా. ఎవరు ఎవరని మాత్రం మళ్లీ ఏ పిల్లనీ అడగలేదు.

పీకిన చీటీలు చెత్తబుట్టలో వేయబోతూ చూశాను. అడుగు గడిలోవి ఒక్కటీ లేవు. అంతకుముందు ఆరేళ్లలోనూ ఒక్కటీ రాలేదు. అలాంటివాళ్లు నా క్లాసుకి రాలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. వచ్చారు. వాళ్ల చేత అబద్ధం రాయించి, బాగుందని ‘ఎ’ వేసి పంపాను.